శూద్రకమహాకవి యెవఁడు?



సంస్కృతకవులు తమ కావ్యములను మనకు విడిచిపోయిరి గాని తమ చరిత్రములను విడిచిపోలేదు. కాళిదాసుని తలిదండ్రు లెవ్వరో లోక మెఱుఁగదు. భాసుని జన్మస్థానము లోక మెఱుఁగదు. కవి తన్నుఁ గూర్చి యేమియుఁ జెప్పుకొనకుండుట యొక చిక్కు. చెప్పుకొన్నట్లే కనఁబడుచు, ఆ చెప్పిన మాట నమ్మరానిదై యుండుట వేఱొక చిక్కు. మృచ్ఛకటికకర్తగాఁ బేర్కొనఁబడిన శూద్రకుని విషయమున మనకుఁ దటస్థించినది యీ రెండవ చిక్కు. ఇది మొదటిదానికంటె గడుసైనది.

ఇట్టి వార్షికసంచికలలోఁ బూర్వకవులను, దండనాథులను, దాతలను మనవారని చెప్పుకొను వ్యాసములు తఱచుగా వచ్చుచుండును. అట్లు చెప్పుకొనుట తప్పు గాదు. ఆధారము చూపి చెప్పుకొనవలెను. శూద్రకుఁడు బ్రాహ్మణుఁ డని కొందఱు, క్షత్రియుఁ డని కొందఱు, పేరే చాటుచున్నది గదా నాలవ వర్ణమువాఁ డని కొందఱు, గొల్లప్రభు వని కొందఱు వాదించిరి. మన సంఘమునందలి యువకులు కొందఱు, ఇందఱు తమవాఁ డని చెప్పుకొను నీ కవిని మనమును మన పట్టికలోఁ జేర్చుకొనరాదా యని మమ్మడిగిరి. వారి ప్రశ్నమునకు మేము ముక్తసరిగా నుత్తర మీయఁదలఁపలేదు. సాక్ష్యము లన్నియు వారి ముందుంచి, వారిచేతనే నిర్ణయము చేయించుట మేలని తలఁచి యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

మొదట గ్రంథమును గూర్చి రెండు మాటలు. మృచ్ఛకటికము పది యంకముల ప్రకరణము. ఉజ్జయినీనగరమున దానధర్మములచే దరిద్రుఁడైన చారుదత్తుఁ డను బ్రాహ్మణసార్థవాహునకును, వసంతసేన యను గణికకును గలిగిన యనురాగ మిందలి కథ. రాజశ్యాలకుఁడైన శకారుఁడు వసంతసేనను గోరి, ఆమె తిరస్కరింపఁగా గొంతు పిసికి, ఆమె మరణించినదని తలఁచి యా నేరమును జారుదత్తునిపై మోపును. న్యాయసభ చారుదత్తుని దోషిగా నెన్నును. వధ్యస్థానమున ఖడ్గ మెత్తిన సమయమున వసంతసేన సజీవయై వచ్చును. ఇంతలో గోపాలకుఁడైన యార్యకుఁడు పాలకుఁ డను దుష్టరాజును సంహరించి సింహాసన మెక్కును. ఆఱవ యంకమునఁ జారుదత్తుని కుమారుఁడు రోహసేనుఁడు పొరుగింటి బాలుని బంగారుబండిని జూచి, తనకు మట్టిబండి వలదని యేడ్చుచుండఁగా, వసంతసేన తన నగలను దీసి యా మట్టిబండిలో నింపును. ఈ చిన్న ఘట్టమునుండియే గ్రంథమునకు మట్టిబండి యను పేరు వచ్చినది. రాజులకథలు వ్రాయు కవులు పెక్కుమంది గలరు. ఒక పిల్లవాని యేడుపును దన గ్రంథమునకుఁ బేరుగా నిడినవాఁ డీతఁ డొక్కఁడే.

ఈ ప్రకరణము దేశదేశములఁ బ్రసిద్ధి కెక్కినది. విల్సను పండితుఁ డాంగ్లేయీకరించి 1827 లోఁ గలకత్తానగరమున వెలువరించిన హిందూరూపకసంపుటములలో దీని కగ్రస్థాన మిచ్చెను. 1850 లోఁ బారిసునగరమున దీనికి ఫ్రెంచి రూపాంతరము ప్రదర్శింపఁబడినది. 1905 లో అమెరికాదేశమున రైడరు పండితుని యనువాదము ప్రకటింపఁబడి, 1924 లో న్యూయార్కునగరరంగస్థలమున నాడఁబడినది. మన భాషలోఁ దిరుపతి వేంకటకవులు దీనిని దెనిఁగించిరి. 1967 లో నిదియే కథ వసంతసేన యను పేరఁ దెలుఁగుచలనచిత్రముగా వచ్చినది. గ్రంథ మింత ప్రసిద్ధము. గ్రంథకర్త యింత యప్రసిద్ధుఁడు.

ఇఁక నసలు చిక్కునకు వత్తము. నాటకప్రస్తావనలో సూత్రధారుఁడు కవిని వర్ణించును. ఆ వర్ణనముయొక్క సారాంశ మిది: శూద్రకుఁ డను రాజు గజగమనుఁడు, చకోరనేత్రుఁడు, పూర్ణచంద్రముఖుఁడు, ద్విజముఖ్యతముఁడు, ఋగ్వేదసామవేదములను, గణితమును, కళలను, హస్తిశిక్షను నెఱిఁగినవాఁడు, శివప్రసాదమున నేత్రములతిమిరము పోఁగొట్టుకొన్నవాఁడు, కుమారుని రాజుగాఁ జూచి, అశ్వమేధము చేసి, నూఱేండ్లు పది దినము లాయువు ననుభవించి, యగ్నిప్రవేశము చేసినవాఁడు, యుద్ధప్రియుఁడు, తపోధనుఁడు, శత్రువుల యేనుఁగులతో బాహుయుద్ధమునకు వేడుకపడువాఁడు.

చదువరులారా, గమనింపుఁడు. నూఱేండ్లు బ్రదికి యగ్నిలోఁ బ్రవేశించినవాఁడు, తానగ్నిలోఁ బ్రవేశించితి నని యెట్లు వ్రాయఁగలఁడు? ఆయువు పై పది దినములతో సహా లెక్క చెప్పఁబడినదే! పూర్వవ్యాఖ్యాతలకు నీ చిక్కు తెలియకపోలేదు. కవి జ్యోతిశ్శాస్త్రవేత్త గావున జాతకగణితముచేఁ దన యాయుఃప్రమాణమును ముందుగా నెఱిఁగి యట్లు చెప్పుకొనె నని కొందఱు సమాధానము చెప్పిరి. అరణ్యకాండమున శరభంగమహర్షి శ్రీరాముని యెదుట నగ్నిప్రవేశము చేసినట్లు, ఇతఁడును వైదికవిధిచే దేహత్యాగము చేసి యుండవచ్చు నని కొందఱనిరి. ఈ సమాధానములు కవిపైఁ గల భక్తిని జూపునే గాని సందేహమును దీర్పవు. మరణకాలము ముందుగా నెఱిఁగినవాఁడు భవిష్యత్తును భవిష్యత్తుగాఁ జెప్పును గాని జరిగిపోయినదానిగాఁ జెప్పఁడు.

వ్యాకరణమును నిచట సాక్ష్య మిచ్చుచున్నది. ప్రస్తావనలోఁ గవిని గూర్చిన ప్రధానక్రియలు బభూవ, చకార యనునవి. ఇవి లిట్టులు. వక్త కన్నులారఁ జూడని భూతకాలకార్యమునకుఁ బాణిని మహర్షి లిట్టును విధించినాఁడు. వీనితోడ ‘కిల’ యను నవ్యయము గూడఁ బ్రయోగింపఁబడినది. ‘అఁట’ యని మన మనునట్టి మాట యిది. ‘ఇది యంతయు శూద్రకరాజు చేసె నఁట’ యని చెప్పువాఁడు శూద్రకుఁడు గాఁడు. నిద్రలోనో మత్తులోనో తాను జేసిన పనిని లిట్టుతోఁ జెప్పవచ్చు నని వైయాకరణు లొక వెసులుబా టిచ్చిరి. అశ్వమేధము చేసిన మహారాజున కది యన్వయింపదు. కావున నీ శ్లోకములు శూద్రకుని తరువాత, అతఁడు కథలలోనివాఁడైన పిమ్మట, నాటకమును బ్రదర్శించిన నటులో ప్రతులు వ్రాసిన పండితులో చేర్చినవని తలఁపవలసి యున్నది. ఇది మొదటి మెట్టు.

రెండవ మెట్టు: ఈ శూద్రకుని పేరు ప్రస్తావనకు వెలుపల నెచ్చట వినవచ్చును? పెక్కుచోట్ల వినవచ్చును గాని యొక చోటి మాట వేఱొక చోటి మాటతోఁ గలియదు. క్రీ.శ. 7వ శతాబ్దివాఁడైన బాణభట్టు కాదంబరిలో శూద్రకుని వేత్రవతీతీరమునందలి విదిశానగరప్రభువుగాఁ జెప్పెను. చండాలకన్యక చిలుకను దెచ్చి సమర్పించిన దా రాజునకే. ఆ బాణుఁడే హర్షచరితమున, శూద్రకుని దూత చకోరదేశాధిపతియగు చంద్రకేతుని సంహరించెనని చెప్పెను. సోమదేవుని కథాసరిత్సాగరమునందలి బేతాళకథలో శూద్రకుఁడు శోభావతీనగరపు రాజు. అతని యాయువు తీరనుండఁగా, వీరవరుఁ డను సేవకుఁడు తన కుమారుని బలియిచ్చి రాజునకు నూఱేండ్ల యాయువు సంపాదించును. హితోపదేశమును జదివిన వారందఱు నీ వీరవరుని కథ నెఱుఁగుదురు. ప్రస్తావనయందలి నూఱేండ్ల యాయువును, బేతాళకథయందలి నూఱేండ్ల యాయువును నొక్క కథాసంప్రదాయమునుండి వచ్చినవేమో విజ్ఞులు విచారింతురు గాక.

స్కాందపురాణమునఁ గలియుగమున 3290 సంవత్సరములు గడచిన పిమ్మట శూద్రకుఁడు రాజగు నని భవిష్యద్వాక్యము గలదు. కలిప్రారంభము క్రీ.పూ. 3102 అని లెక్కించినచో నిది క్రీ.శ. 190 ప్రాంతమగును. పురాణములలో నాంధ్రవంశమూలపురుషునికి సిముక, శిశుక, సింధుక, శిప్రక యను పాఠభేదములున్నవి. వీనిని బట్టి యా మూలపురుషుఁడే శూద్రకుఁడని కొందఱూహించిరి. పేరునందలి యక్షరసామ్యము తప్ప దీనికి వేఱాధారము లేదు. ఆంధ్రుల మగుటచే మన కీ యూహ ప్రీతికరముగాఁ దోఁచును. ప్రీతికరమగుట ప్రమాణమగుట గాదు.

రామిలుఁడు, సౌమిలుఁడు నను నిద్దఱు కవులు కలిసి శూద్రకకథ యను గ్రంథమును రచించి రని రాజశేఖరునిదిగాఁ జెప్పఁబడు నొక శ్లోకమువలనఁ దెలియుచున్నది. కాళిదాసు మాళవికాగ్నిమిత్రప్రస్తావనలో భాసునితోపాటు సౌమిల్లుని బేర్కొనెను. ఆ సౌమిల్లుఁడే యీ సౌమిలుఁ డగుచోఁ గాళిదాసునకుఁ బూర్వమే శూద్రకుఁడు కథానాయకుఁడై యుండవలెను. అప్పుడును శూద్రకుఁడు కథానాయకుఁడనియే సిద్ధించును గాని కవి యని సిద్ధింపదు. శూద్రకుని కవిగా మొదటఁ బేర్కొన్న యాలంకారికుఁడు కాశ్మీరవాసియగు వామనుఁడు. క్రీ.శ. 800 ప్రాంతమువాఁడైన యీయన శూద్రకాదులు రచించిన ప్రబంధములను శ్లేషగుణమున కుదాహరణముగాఁ జెప్పెను. కావున నాఁటికే పండితలోకమున శూద్రకుఁడు గ్రంథకర్తగాఁ బ్రసిద్ధుఁ డనుట నిశ్చయము.

ఈ సందర్భమున నొక తెలుఁగు మహాపండితుని స్మరింపవలసి యున్నది. ఆయన మానవల్లి రామకృష్ణకవిగారు (1866-1957). నన్నెచోడుని కుమారసంభవమును 1909 లోఁ బ్రకటించి తెలుఁగువారి కొక మహాకవిని దెచ్చి యిచ్చిన యాయనయే, సంస్కృతమునఁ జతుర్భాణి యను నాలుగు భాణముల సంపుటమును మఱియొక పండితునితోఁ గలసి 1922 లో వెలువరించెను. వానిలో పద్మప్రాభృతక మను భాణము శూద్రకకృతముగాఁ జెప్పఁబడినది. ఇదియు నుజ్జయినీనగరపు విటులకథయే. దండికర్తృకముగాఁ జెప్పఁబడు నవంతిసుందరీకథను గూడ రామకృష్ణకవిగారు 1924 లోఁ బ్రకటించిరి. ఆ గ్రంథమును, దాని పద్యసంగ్రహమును శూద్రకునిఁ గూర్చి యొక క్రొత్తకథను జెప్పుచున్నవి: శూద్రకుని యసలు పేరు ఇంద్రాణిగుప్తుఁడు; అశ్మకదేశీయుఁడగు బ్రాహ్మణుఁడు; స్వాతి యను రాజపుత్రునితో వైరమూని, పెక్కు సాహసములు చేసి, యతని నోడించినవాఁడు.

స్వాతి యను పేరు పురాణములలోని యాంధ్రరాజుల పట్టికలోఁ గలదు. అశ్మకదేశమన్ననో గోదావరీప్రాంతము; దాని రాజధాని పౌదన్యము నేఁటి నిజామాబాదు మండలమునందలి బోధననిపట్టణ మని చరిత్రకారులు పెక్కుమంది యభిప్రాయము. ఈ కథ నిజమైనచో శూద్రకుఁడు మన తెలంగాణమునకు దాపున నున్నవాఁ డగును. కాని యవంతిసుందరి శూద్రకుని కాలమునకు శతాబ్దులతరువాతి గద్యకావ్యము. కావ్యమునందలి సాహసకథ శిలాశాసనమునకు సమానము గాఁజాలదు.

పాశ్చాత్యపండితుల వాదములను గూడ సంక్షేపముగాఁ జెప్పెదము. పిషెలు పండితుఁడు మృచ్ఛకటికము దండి రచించినదే యని వాదించెను. దండి మూఁడు ప్రబంధములు రచించె నని పరంపరావచనము. దశకుమారచరిత్రము, కావ్యాదర్శము గాక మూఁడవది యేది? చీఁకటిని వర్ణించు నొక ప్రసిద్ధశ్లోకము మృచ్ఛకటికమున నున్నది. కావ్యాదర్శమునఁ గవి పేరులేక యుదాహరింపఁబడినది. కావున మూఁడవది యిదియే యని యాతని యుక్తి. సిల్వాఁ లెవీ పండితుఁడు 1890 లో వ్రాయుచు, తరువాతికాలపుఁ గవి యెవఁడో తన గ్రంథమునకుఁ బ్రాచీనత కలిగించుటకై పురాణపురుషుని పేరు దగిలించె నని తలఁచెను. స్టెన్ కోనౌ పండితుఁడు శూద్రకుఁడు ఆభీరశివదత్తుఁ డనెను. నాసికగుహాశాసనమున శివదత్తుని కుమారుఁడు ఈశ్వరసేనుఁడు రాజుగాఁ జెప్పఁబడినాఁడు. శాతవాహనుల యనంతర మాభీరులు బలవంతులైరి. గొల్లవాఁడగు నార్యకుఁడు రాజైన కథ యా వంశీయునకుఁ బ్రియమైనది కావచ్చును. మన నాగార్జునకొండలోను నాభీరవసుషేణుని శాసనము దొరకినది గనుక నాభీరులు కృష్ణాతీరము వఱకు వచ్చి రనుటలో సందేహము లేదు. కాని నాసికశాసనమున శివదత్తునకు రాజబిరుదమే లేదు. శూద్రకుఁ డను పేరును లేదు. కీతు పండితుఁడు 1924 లో శూద్రకుఁడు కేవలము కథాపురుషుఁ డని త్రోసివేసెను.

ఇంతలో దక్షిణమునఁ గలిగిన యొక యద్భుతము వాదములను దలక్రిందులు చేసినది. 1909 లో గణపతిశాస్త్రిగారికిఁ దిరువాన్కూరు రాజ్యమునఁ బద్మనాభపురసమీపమున మలయాళలిపిలోనున్న తాళపత్రములు దొరకినవి. వానినిఁ బరిశోధింపఁగాఁ బదుమూఁడు రూపకములు తేలినవి. ఆయన వానిని భాసకృతములుగా నిర్ణయించి 1912 నుండి యనంతశయనగ్రంథావళిలోఁ బ్రకటించెను. అందొకటి చారుదత్తము. అది నాలుగంకములది. మృచ్ఛకటికమునందలి మొదటి నాలుగంకములును జారుదత్తమును దాదాపు సరిసమానములు. వాక్యములకు వాక్యములే కలియుచున్నవి. చీఁకటిని వర్ణించు నా శ్లోకము సైత మిందున్నది. ఆ శ్లోక మాధారముగాఁ గట్టిన దండివాద మంతటితోఁ గూలిపోయినది. దండి దానిని భాసునినుండియు గ్రహించియుండవచ్చును గదా.

చారుదత్తమే మొదటిది, మృచ్ఛకటికము దానిని బెంచి వ్రాసినది యని పెక్కుమంది పండితుల మతము. మృచ్ఛకటికమునే రంగస్థలమునకై కుదించి రని కొందఱి మతము. చారుదత్తమునందలి ప్రాకృతము ప్రాచీనతరముగాఁ గనఁబడుటయు, మృచ్ఛకటికమున శ్లోకములు మెఱుఁగు పెట్టఁబడియుండుటయు మొదటి మతమును బలపఱచుచున్నవి. మేమును నా మతమునే యనుసరింతుము. అప్పుడు మృచ్ఛకటికకర్త కేమి మిగులు నని కొందఱు శంకింతురు. ఎంతయో మిగులును. మట్టిబండి మిగులును; అది యాఱవయంకములోనిది. ఆర్యకుని రాజ్యవిప్లవము మిగులును. చారుదత్తమున దాని జాడ లేదు. బండ్లు తాఱుమాఱగుట, జీర్ణోద్యానమున గొంతు పిసుకుట, న్యాయసభ, వధ్యస్థానము, ఇవి యన్నియు మిగులును. నలుగురి యింటి కథను నగరము కథగాఁ జేసినవాఁడు, ఆ నగరము కథను రాజ్యము కథగాఁ బెంచినవాఁడు, మనము వెదకుచున్న కవి.

అతని పేరు బయటిసాక్ష్యములవలన సిద్ధింపనప్పుడు, అతని దేశమునైన గ్రంథమునుండి తెలిసికొనవచ్చును. ఆఱవయంకమున రక్షకభటాధికారులైన వీరకచందనకులు కలహింతురు. చందనకుఁడు నోరుజాఱి పుంలింగమునకు స్త్రీలింగమును గలిపి పలికి, దాక్షిణాత్యులము మాకు మాటలు స్పష్టముగా రావు, పలుదేశభాషలు కలగలుపుగాఁ బలుకుదు మని కప్పిపుచ్చుకొని, చోళద్రవిడాదుల పేర్లు వల్లించును. కర్ణాటరీతిని జగడము పెట్టెద నని స్వగతమున ననుకొనును. పదవయంకమున వధకుఁడగు చండాలుఁడు మ్రొక్కుకొనునది సహ్యవాసినియగు భగవతికి. ఉజ్జయినిలోని చండాలునకు సహ్యపర్వతదేవత గుర్తునకు వచ్చుట కవియొక్క దేశమును సూచించుచున్నదని పండితులు చెప్పుట యుక్తముగనే యున్నది. దాక్షిణాత్యుల నుడికారమును, వారి కలహవిధమును నవ్వుచుఁ జెప్పఁగలవాఁడు వారి నడుమ మెలఁగినవాఁడే కావలెను. నాణక మను నాణెపుఁ బేరు, న్యాయసభలో శ్రేష్ఠికాయస్థుల సాహాయ్యము, మనుధర్మము ననుసరించి బ్రాహ్మణునకు వధ తగదు, దేశబహిష్కారమే తగు నను న్యాయాధికారి విన్నపము, దానిని ద్రోసివేసిన రాజు నిరంకుశత్వము, ఇవి కవియొక్క లోకజ్ఞానమును జాటుచున్నవి. ఇన్ని ప్రాకృతభేదములను బాత్రోచితముగాఁ బ్రయోగించిన సంస్కృతరూపకము వేఱొకటి లేదు. అంతఃపురమునుండి లోకమును జూచినవానికి జూదరుల కేక లింత చక్కఁగాఁ జెవిసోఁకవు.

కావున మా సిద్ధాంత మిది. శూద్రకుఁ డను రాజు కథలలో నతిప్రాచీనుఁడు. క్రీ.శ. 800 నాఁటికే గ్రంథకర్తగా నతనిపేరు నిలిచినది. ప్రస్తావనయందలి కవివర్ణనము కవి స్వహస్తమునది గాదు. గ్రంథకర్త దక్షిణాపథము నెఱిఁగినవాఁడు. అతఁడా రాజే యగునో, ఆ రాజు నాశ్రయించిన కవియో, ఆ రాజు పేరును మాత్రము గ్రహించిన యుత్తరకాలికుఁడో నిర్ణయించు శాసనము గాని సమకాలిక లేఖనము గాని దొరకలేదు. దొరకువఱకుఁ దీర్పు వాయిదాలో నుండవలసినదే.

ఇఁకఁ గులవాదము. ద్విజముఖ్యతముఁ డను పదమే బ్రాహ్మణవాదమునకును క్షత్రియవాదమునకును మూలము. ద్విజశబ్దము మూఁడు వర్ణములకుఁ జెల్లును గనుక నా పదము నెవ్వరికి వలసినట్లు వారు త్రిప్పుకొనిరి. శూద్రకనామమును బట్టి వాదించువారు, పేరు వేఱు, కులము వేఱు నను లోకానుభవమును మఱచుచున్నారు. ఆర్యకునిఁ బట్టి వాదించువారు నాటకములోని పాత్రకును నాటకకర్తకును దాయభాగము పంచుచున్నారు. ఈ వాదము లన్నిటికి నాధారమైన ప్రస్తావనశ్లోకములే కవివి కానప్పుడు గోడ లేని చిత్తరువునకు రంగు లేల?

చిత్ర మేమన, మనము కవిని గూర్చి యడుగు నీ ప్రశ్నమునకుఁ గవియే తన పాత్రలచేత నుత్తరము చెప్పించినాఁడు. వీరకచందనకులు కలహించునపుడు నొకని కుల మొకఁడు సైగలతో బయటపెట్టుకొందురు. ఒకఁడు మంగలి, ఒకఁడు చర్మకారుఁడు. ఇద్దఱును రాజోద్యోగులే, ఇద్దఱును సమర్థులే. ఆ కలహమున నెగ్గినవాఁ డెవ్వఁడు? శరణన్న యార్యకునిఁ గాపాడిన చందనకుఁడు. శర్విలకుఁడు చతుర్వేదివంశీయుఁ డగు బ్రాహ్మణుఁడు. కన్నము కొలుచుటకు జందెమును గొలత్రాడుగా వాడుకొనును. సంవాహకుఁడు కాళ్లుపిసుకు వృత్తినుండి జూదరియై, భిక్షువై, వసంతసేన ప్రాణమును గాపాడును. పదవయంకమునఁ జండాలులు చెప్పు మాటయొక్క తాత్పర్యము మఱింత పదునైనది: చండాలకులమునఁ బుట్టినంతమాత్రమున మేము చండాలురము గాము, సాధువులను బాధించువారే పాపులు, వారే చండాలురు. రాజశ్యాలకుఁ డొకవైపునను, తలారులు వేఱొకవైపునను నిలిచియుండఁగాఁ బలికింపఁబడిన మాట యిది. ఇట్టి మాటను బలికించిన కవిని మన కులపట్టికలో బంధింపఁబూనుట యతని గౌరవించుట యగునా?

యువకులకు మే మిచ్చు నుత్తర మింతే. శూద్రకుఁడు మనవాఁడని యీ సంచికలో వ్రాయవలదు. వ్రాసినచో నేఁడు చప్పట్లు వచ్చును. ఱేపొక విద్వాంసుఁ డొక్క ప్రశ్నము వేసి మన సంచికలోని తక్కిన సత్యములను గూడ సందేహించును. మనవారు నిజముగాఁ జేసిన పనులు గలవు: త్రవ్వించిన చెఱువులు, కట్టించిన సత్రములు, నడపిన పాఠశాలలు, చదివించిన బీదవిద్యార్థులు. వీనికి సాక్ష్యములు నేఁడును మన యిండ్లలోనే యున్నవి. అవి కావ్యములు గావు. దస్తావేజులు, లెక్కపుస్తకములు, ఉత్తరములు, తాటియాకుల కట్టలు, దేవాలయపు గోడమీఁది శాసనములు. ఇవి చెదలకును, వానకును, పాతకాగితములవానికిని నప్పగింపఁబడుచున్నవి. ఒక మహారాజకవికే ప్రామాణికచరిత్ర లేకపోయిన దేశమున మన తాతల చరిత్ర తనంతఁ దానే నిలుచునని నమ్ముట వెఱ్ఱితనము.

కాఁబట్టి పోషకమహాశయులకు మా విన్నపము. కీర్తిశేషులైన కవులను గొనితెచ్చుకొనుటకు వెచ్చించు ద్రవ్యముతో నొక బీరువాను గొనుఁడు. ప్రతిగ్రామమునుండి పాతకాగితములను దెప్పించి, పెద్దలు జ్ఞాపకముంచుకొన్న మాటలను వారి వయస్సుతోను, తేదితోను వ్రాయించి, యెవరు చెప్పిరో యెవరు వ్రాసిరో క్రింద సంతకము చేయించి, యందుఁ బెట్టించుఁడు. శాసనములకుఁ జాయాపటములు తీయించుఁడు. విన్నదానిని విన్నదనియు, చూచినదానిని జూచినదనియు వేఱువేఱుగా వ్రాయించుఁడు. లిట్టునకును లఙ్ఙునకును భేద మిదియే. పిల్లలకు మృచ్ఛకటికమును జదివింపుఁడు, ఆడింపుఁడు. దానిని జదువుటకుఁ గవి కులము తెలియ నక్కఱలేదు. మట్టిబండికై యేడ్చిన పిల్లవాని దుఃఖము తెలిసినఁ జాలును.

శూద్రకుఁడెవఁ డను ప్రశ్నము పండితులకు విడుచుదము. మన మెవ్వర మను ప్రశ్నమునకు మాత్రము మన మనుమలకు ‘అఁట’ యను మాట లేని యుత్తరమును వ్రాసి యిత్తము గాక.

స్వస్తి.